చిలక కొరికిన చెవి

మారువేషం వేస్తే తనను పోల్చుకోగలవాడు యాభైయారు దేశాల్లోనూ ఇంకా పుట్టలేదని పోలయ్య గురువు రోజుకు ఒకసారైనా చెప్పుకునేవాడు. చెప్పి, ఊపిరి తీసుకుని, "మజ్జిగ సూరమ్మను మాత్రం అందులోంచి తీసెయ్యండి" అనేవాడు. మరునాడు మంగలి జగ్గప్పను తీసెయ్యమనేవాడు. ఆ మరునాడు పక్కింటి కుక్కను. ఇలా తీసేసుకుంటూ పోగా, ఆయన్ను పోల్చుకోలేనిది చివరికి ఊరవతల రాతినంది ఒక్కటే మిగిలింది. ఆయన బైరాగిగా వీధిలోకి దిగితే పిల్లలు "పోలయ్య తాత సన్నాసుల్లో కలిశాడు" అని వెంటపడేవారు. గాజులమ్మే ముసల్దానిగా గంప ఎత్తుకుంటే ఆడవాళ్ళు గడపలోంచే "పోలయ్యా, ఆకుపచ్చవి ఉన్నాయా?" అని కేకేసేవారు. పసరు పనిచెయ్యక కాదు. పొద్దు పొడుస్తుండగా పూసుకునే ఆ ఆకుపసరు మొహాన్ని మార్చేది, గొంతును మార్చేది, నడకనూ చేతిగోళ్ళనూ కూడా మార్చేది. పొద్దుగూకేదాకా ఆ మార్పు చెక్కుచెదిరేది కాదు. ఎడమచెవి ఒక్కటే ఏ వేషంలోనైనా ఆయనదిగానే ఉండిపోయేది. దాని కొసను, తొలిరోజుల్లో కన్నం వేసిన ఒక ఇంట్లో, పంజరంలోని చిలక కొరికేసిందట. ఆ కొరికిన చెవి బైరాగి జడల పక్కన, ముసల్దాని కొప్పు పక్కన, తానొక్కటే నిజం చెబుతూ ఊరేగేది.

ఆయనది దొంగల బడి. వెండిగుమ్మం పట్నానికి ఆమడ దూరంలో, ఉప్పుకొండ వెనక ఉండేది. తలుపుకు తాళం లేదు; ఉన్నా ఆ బడిలో అది ఎవరికి అడ్డం? శిష్యులందరిలోకీ చెయ్యి తేలికైనది నూకాలు. నవ్వుతూ మాట్లాడుతూనే అవతలివాడి ముక్కుపుడక దాకా తీసేసి, మళ్ళీ తానే వెతికిపెట్టి దీవెనలు తీసుకునే రకం. తెల్లవారితే ఆమె తోటివాళ్ళు ఇద్దరితో కలిసి తొలి పెద్దపనికి బయలుదేరాలి. ఆ మధ్యాహ్నం కల్వంలో ఆకు నూరుతూ, గురువు ఉలవలు ఏరుకుంటూ కూర్చున్న చాపవైపు చూసి, చాలాకాలంగా నాలుక చివర ఉన్న మాట అడిగేసింది.

"గురువుగారూ, చిన్నదాన్ని, తప్పయితే క్షమించండి. మీ పసరు చెవి దగ్గర పట్టదు. ఊరంతా నవ్వుతున్నారు. నాకు చెవితో సహా కప్పేసే పాకం కావాలి. కన్నతల్లి ఎదుట నిలబడి మంచినీళ్ళు అడిగినా గుర్తుపట్టకూడదు. అలాంటి వేషం ఎలా కుదురుతుంది?"

గురువుకు నేరుగా జవాబు చెప్పే అలవాటు లేదు. బాటసారి వచ్చి పట్నానికి దారెటని అడిగినా కథ మొదలుపెట్టేవాడు. పాపం ఆ బాటసారి పొద్దుగూకాక పట్నం చేరి, గుమ్మం మూసేశారని గోడ పక్కన పడుకునేవాడు. ఇప్పుడు మాత్రం ఆయన చేట పక్కన పెట్టి, గది మూల ఉన్న రాగిబిందె వైపు చూశాడు. ఆ బిందె సంగతి నూకాలుకు తెలుసు. దాని మూతకు మూడురేకుల పువ్వు ఆకారంలో ఒక తాళంచెవి రంధ్రం ఉంటుంది. గురువు స్నానానికి వెళ్ళినప్పుడు రెండుసార్లు ప్రయత్నించి, రెండుసార్లూ గోరు విరగ్గొట్టుకుంది.

"మూడోసారి ప్రయత్నించకు," అన్నాడు గురువు బిందె మీంచి చూపు తిప్పకుండా. "అది బసవడు చేసిన తాళం. విను."

నూకాలు విరిగిన గోరును కొంగులో దాచుకుని, మళ్ళీ నూరసాగింది.

చాలా ఏళ్ళ కిందట ఒక ముఠా ఉండేది. ముఠా అంటే గుర్రాలూ కత్తులూ అనుకునేరు; ముగ్గురే మనుషులు, రెండు దుప్పట్లు. పన్నాగం పన్నేది తాయమ్మ. నలభై దాటిన మనిషి. ఆమె తిట్టకుండా ఎవరికీ అన్నం పెట్టేది కాదు. తాళాలు విప్పేదీ, వేసేదీ బసవడు. ఎద్దంత మనిషి, మిరియం వాసన తగిలితే చాలు ఇల్లు అదిరేలా తుమ్మేవాడు. మూడోవాడు ఒక కుర్రాడు. చెయ్యి చురుకు, నోరు అంతకంటే చురుకు. వాడు ఏ వేషం వేసినా తాయమ్మ వెనకనుంచి వచ్చి చెవి పట్టుకునేది. "ఒరే, మొహం మార్చావు సరే, ఇది ఎవడికి అమ్ముకుంటావురా?" అని మెలిపెట్టేది.

"ఆ కుర్రాడు మీరే," అంది నూకాలు.

"వాడు నాకంటే అందగాడు. మధ్యలో రాకు."

ఆ ముగ్గురూ చేసిన పని ఇప్పటికీ సంతల్లో చెప్పుకుంటారు. వెండిగుమ్మం కోటలో ఒక ప్రతిధ్వని ఉండేది. రాజు సింహాసనం మీంచి "ఎవడక్కడ!" అంటే ఆ మాట గుమ్మటానికి కొట్టుకుని ఏడుసార్లు తిరిగి వచ్చేది. ఆ ఏడో "ఎవడక్కడ" వినేసరికి అమాయకులు కూడా చెయ్యని నేరాలు ఒప్పుకునేవారు. పొరుగుదేశపు రాజు గొంతు పీలగా ఉంటుందని, ఆ ప్రతిధ్వనిని ఎత్తుకొస్తే ఏం కావాలంటే అది ఇస్తానని కబురంపాడు. తాయమ్మ ఇద్దరినీ వెంటబెట్టుకుని, గుమ్మటంలో గబ్బిలాలు తోలేవాళ్ళమని చెప్పి, పట్టపగలు రాజముద్ర వేయించుకుని మరీ లోపలికి వెళ్ళింది. గుమ్మటం కింద రాగిబిందె మూత తీసి పెట్టారు. బసవడు ఒక్కో మూలా గొంతెత్తి అరుస్తుంటే ప్రతిధ్వని గూళ్ళలోంచి కదిలి, తేనెటీగల పట్టులా ముసురుకుంటూ బిందెలోకి దిగింది. చివరి పాయ దిగే వేళకు గబ్బిలాల దుమ్ము ముక్కుకెక్కి బసవడు తుమ్మాడు. బిందె ఏడుసార్లు తుమ్మింది. తాయమ్మ నవ్వు ఆపుకోలేకపోయింది. కుర్రాడు నేలమీద పడి దొర్లాడు. ఆ నవ్వుల మధ్యలోనే బసవడు మూత బిగించి తాళం వేశాడు. ఆ రోజు మధ్యాహ్నం రాజు "ఎవడక్కడ!" అంటే ఆ మాట ఒక్కసారే, దోమ పాడినట్టు వినిపించిందట. కొలువులో ఎవరో కిసుక్కున నవ్వారట.

ఇంక రాజభటులు నాలుగు దిక్కులా పడ్డారు. ముగ్గురు కలిసి తిరిగితే దొరికిపోతారు. ఏడాదిపాటు విడిపోదామంది తాయమ్మ. దొంగల్లో నమ్మకం ఎంతుంటుందో వాళ్ళకు తెలుసు కనుక బసవడు తాళంచెవిని మూడు రేకులుగా విడదీశాడు. కుర్రాడి రేకుకు ఒక గాటు, తాయమ్మ రేకుకు రెండు గాట్లు, తన రేకుకు మూడు. మూడూ కలిస్తేనే బిందె తెరుచుకుంటుంది. బిందెను కుర్రాడికి అప్పగించారు; వాడి మొహం చూస్తే అందులో విలువైనది ఉంటుందని ఎవడూ అనుకోడు గదా అంది తాయమ్మ. ఏడాది తిరిగాక గాలుల సంతలో కలుసుకోవాలి. ఓడవాళ్ళ కోసం తూర్పుగాలినీ పడమటిగాలినీ తోలుతిత్తుల్లో కట్టి అమ్మే సంత అది. ఏడాదికి ఒక్కరోజు జరుగుతుంది.

"గుర్తు ఏమైనా పెట్టుకుందామా?" అన్నాడు బసవడు.

"మనకు గుర్తులేమిటిరా, సిగ్గులేదూ?" అంది తాయమ్మ. "పసరు పూసుకునే రండి. ఎవరు ముందు దొరికిపోతే వాళ్ళు ఏడాదిపాటు మిగతా ఇద్దరికీ వండి పెట్టాలి."

"అయితే ఈ ఏడాదంతా వంట నేర్చుకో తాయమ్మత్తా," అన్నాడు కుర్రాడు. అదీ పందెం.

ఏడాదిలో కుర్రాడు పదకొండు ఊళ్ళు, పదకొండు పేర్లు మార్చాడు. ఒక ఊళ్ళో అద్దకం పనివాడు, ఒక ఊళ్ళో తప్పిపోయిన మేనల్లుడు, ఒక ఊళ్ళో మూగవాడు. ఎక్కడా లోటు జరగలేదు. అందరూ అన్నం పెట్టారు, ఎవరూ తిట్టలేదు. తిట్టకుండా పెట్టిన అన్నం వాడికి సయించేది కాదు. ఎవరూ లేనప్పుడు బిందెకు చెవి ఆనించి పడుకునేవాడు. మూత దిట్టమైనది, ఆనాడు లోపల చిక్కుకున్న నవ్వు వినిపించేది కాదు. కానీ లోపల ఏదో సన్నగా వణికేది, పొయ్యి మీద నీళ్ళు మరగబోయే ముందు ఉండేలాంటి వణుకు. వాడు దానితో మాట్లాడేవాడు కూడా. ఆ దేశాల్లో వాడి అసలు పేరు తెలిసింది ఆ బిందె ఒక్కదానికే. ఇంత ఒంటరితనంలో బుద్ధిమంతుడైతే పాటలు కట్టేవాడు. వీడు పందెం గెలవడానికి కొత్త పాకం కనిపెట్టాడు. మానిన గాయం మీద పసరు పట్టదని గురువులందరూ చేతులెత్తేసిన చోట, నల్లజీడి గింజ కాల్చి కలిపి, ఒక పొద్దున చెరువునీళ్ళలో చూసుకుంటే, చెవి కొస నిండుగా, చిలక ముట్టనట్టు ఉంది. "ఇప్పుడు ఏం పట్టుకుంటావు అత్తా!" అని ఒక్కడే గంతులేశాడు.

కల్వం మీద నూకాలు చెయ్యి ఆగింది. తాను అడిగిన పాకం ఉందన్నమాట.

సంతరోజు కుర్రాడు పానకం అమ్మేవాడిగా వెళ్ళాడు. ఎండలో ఎంతటి మాయగాడికైనా దాహం వేస్తుంది. మిగతా ఇద్దరూ తన దగ్గరికి నడిచి రావలసిందేనని లెక్క. పైగా పానకంలో మిరియం రెండింతలు వేశాడు, బసవడు తుమ్మితే చాలని. పొద్దుటినుంచీ వచ్చిన ప్రతి మనిషినీ పరిశీలించాడు. గాలితిత్తి బేరమాడుతున్న పొట్టి పడవవాడు తాయమ్మ కాబోలు అనుకున్నాడు. వాడు చిల్లుపడిన తిత్తి కొని, మోసపోయానని నిజంగానే ఏడ్చాడు. తాయమ్మ మోసపోదు గదా. మిట్టమధ్యాహ్నం ఒక బక్కపలచటి మనిషి పరుగున వచ్చి, "బావా! ఎన్నాళ్ళయింది బావా!" అని వాణ్ణి కావిలించుకున్నాడు. తరువాత మొహం చూసి నాలుక కరుచుకుని, "పొరబడ్డాను, మా బావ అనుకున్నాను" అన్నాడు. పోనీ పానకం తాగి వెళ్ళమంటే, ఊరికే ఇస్తానన్నా, అక్కర్లేదని వెళ్ళిపోయాడు. పొరపాటున అయితేనేం, ఏడాదిలో తనను ఒక మనిషి కావిలించుకోవడం అదే మొదలు. కుర్రాడికి ఆ మనిషి ఇంకాసేపు పొరబడి ఉంటే బాగుండుననిపించింది.

పొద్దు వాలే వేళకు సంత పలచబడింది. పసరు దిగేలోపు అందరూ పోవాలి. పొద్దుగూకితే సంత గుమ్మం దగ్గర భటులు ఒక్కొక్కరి మొహం చూసి వదులుతారు. అప్పుడు ఒక గుడ్డితాత కర్ర తాటించుకుంటూ వచ్చి అరుగు మీద కూర్చున్నాడు. పానకం తాగాడు. ఏవో నాలుగు మాటలు మాట్లాడాడు. చెమట తుడుచుకోవడానికి తల దించినప్పుడు రొంటిన దోపిన చిన్నసంచి కనిపించింది. కుర్రాడి చెయ్యి ఊరుకోలేదు. సంచి వీడి దగ్గరికి వచ్చేసింది. తాత లేచి వెళ్ళిపోయాడు. వీడూ బండి సర్దుకుని కొండెక్కాడు. ఇద్దరూ మోసం చేశారు, ఎవరూ రాలేదు అనుకుంటూ ఎక్కాడు. వాళ్ళకు తన అవసరం లేదని, బహుశా ఎప్పుడూ లేదని, ఆ చెవి మెలిపెట్టడం కూడా ఒక వేషమేనని అనుకుంటూ ఎక్కాడు.

కొండ మీద మొహం మీంచి పసరు రాలిపోతుండగా సంచి విప్పాడు. అందులో రెండు రాగిరేకులు ఉన్నాయి. ఒకదానికి రెండు గాట్లు, ఒకదానికి మూడు.

గురువు ఇక్కడ ఉలవల చేట ఒళ్ళోకి తీసుకుని, ఏరినవే మళ్ళీ ఏరసాగాడు.

"గుడ్డితాత తాయమ్మ," అంది నూకాలు నెమ్మదిగా. "ఎవరిదో తెలీకుండానే, ఆమె బసవడి రేకు కూడా అప్పటికే కొట్టేసింది."

"కొట్టేసింది. కుర్రాడు కూడా అంతే అర్థం చేసుకుని, పిచ్చివాడిలా నవ్వి, బిందె ముందు పెట్టుకుని, తన రేకు కోసం మొలలో చెయ్యి పెట్టాడు."

"పెడితే?"

"లేదు. కావిలింతలో పోయింది. అంత ఎండలో ఊరికే ఇస్తానన్న పానకం వద్దన్నవాడు ఎవడు? తుమ్మితే దొరికిపోతాననుకున్నవాడు. ఎద్దంత మనిషి బక్కవాడిగా వస్తాడని వీడికి తోచలేదు."

నూకాలుకు నవ్వొచ్చింది, వెంటనే ఏదోలా అయింది. ముగ్గురూ వచ్చారు. ఒకరి పక్కన ఒకరు రోజంతా ఉన్నారు. ఒకరి చెయ్యి ఒకరి రొంటిలో పెట్టారు. కుర్రాడు సంతమైదానానికి పరుగెత్తి దిగేసరికి, అక్కడ ఎవరో కట్టు వదిలేసిన తిత్తిలోంచి పైరగాలి ఒకటి ఖాళీ బళ్ళ మధ్య తిరుగుతోందట, అంతే.

"తరువాతి ఏడు?"

"వెళ్ళాడు. చెవికి ఆ కొత్త పాకం పూయకుండా వెళ్ళాడు. ఇప్పటికీ వెళతాడు. బసవడు ఓడెక్కాడని ఒకరంటారు, భటులకు దొరికాడని ఒకరంటారు. తాయమ్మ మళ్ళీ ఆ సంతకు రాలేదు."

గురువు లేచి, గోడగూట్లోంచి కాల్చిన నల్లజీడి గింజలు నాలుగు తీసి ఆమె ముందున్న కల్వంలో వేశాడు. "నువ్వడిగిన పాకం ఇదే. కష్టమేమీ లేదు. ఇరవయ్యో ఏట నేనే కనిపెట్టాను. రేపు నీ తోటివాళ్ళిద్దరికీ కూడా పంచు, లేదా పారబొయ్యి. నీ ఇష్టం."

పాకం చేతికి వచ్చింది. కానీ నూకాలు కదలలేదు. అవతలివాడు కథ చెప్పేటప్పుడు ఎక్కడ గబగబా నడుస్తాడో అక్కడే సొమ్ము పాతిపెట్టాడని తెలుసుకోమని ఆమెకు నేర్పింది ఈ గురువే. పడవవాడి తిత్తికి చిల్లు ఎక్కడుందో దాకా చెప్పిన మనిషి ఒకచోట మాత్రం గబగబా నడిచాడు.

"గురువుగారూ, బసవడు సరే, తన రేకు పోయినా మీది దొరికింది. ఒంటిగాటు చూసి మీరు వచ్చారని తెలుసుకుని ఉంటాడు. తాయమ్మ చేతిలో ఏమీ మిగల్లేదు. అయినా ఆమె మళ్ళీ రావాలి గదా. మీ చెవి కోసమైనా రావాలి. ఎందుకు రాలేదు?"

"ఏమో."

"ఆ గుడ్డితాత ఏవో నాలుగు మాటలు మాట్లాడాడన్నారు. ఏం మాటలు?"

గురువు మళ్ళీ చాప మీద కూర్చున్నాడు. తన ఎడమచెవి కొసను వేళ్ళతో తడుముకుంటూ, బడి పెట్టాక ఏ శిష్యుడికీ చెప్పని మాట బిందెకు చెబుతున్నట్టుగా చెప్పాడు.

"పందెం ఓడిపోయినా ఫరవాలేదనుకుంది కాబోలు. అడిగింది. 'బాబూ, నా అన్నవాడొకడు తప్పిపోయాడు, ఎడమచెవి చిలక కొరికి ఉంటుంది, ఇటు వచ్చాడా' అని నన్నే అడిగింది. రాజుగారి వేగులవాడనుకున్నాను. ఇక ఎవడూ వెతక్కుండా ఉంటాడని, 'పోయిన వానలకు వాగులో కొట్టుకుపోయాడు తాతా' అన్నాను. నమ్మించడానికి కాస్త ఏడ్చాను కూడా. ఏడుపు బాగా కుదిరింది." ఆయన చెవి మీంచి చెయ్యి తీశాడు. "ఇందాక చెప్పానే, చెమట తుడుచుకుంటుంటే సంచి లాగానని. అది చెమట కాదు నూకాలూ."